గుండె కవాటం మార్చాక ఐఎన్ఆర్ రక్త పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి? రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టుల అధికారులకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు

నమస్కారం.

గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళం, వాళ్ళ ఇళ్ళవాళ్ళం, వార్డుల్లోనూ పీహెచ్‌సీల్లోనూ వాళ్ళకు సూదీ మందూ ఇచ్చే నర్సులం, రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి కూలీ చేసుకునే ఇళ్ళవాళ్ళకు కూడా కవాట మార్పిడి ఆపరేషన్ ఉచితంగా అందుతోంది. నిమ్స్, గాంధీ, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్, గుంటూరు, కర్నూలు ఆసుపత్రుల నుంచి ఎంతోమంది బతికి ఇంటికి వచ్చారు. అందుకు మేము ప్రభుత్వాలకు కృతజ్ఞులం. మా విన్నపమంతా ఆ తర్వాతి బతుకు గురించి.

లోహపు కవాటం పెట్టించుకున్న మనిషి రక్తం పలచన చేసే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. ఆ మాత్ర తక్కువైతే కవాటం మీద గడ్డ కట్టి అది ఇరుక్కుపోతుంది, లేదా ఆ గడ్డ మెదడుకు పోయి పక్షవాతం వస్తుంది. ఎక్కువైతే మెదడులోనో కడుపులోనో రక్తం కారుతుంది. ఎక్కువా తక్కువా తెలిసేది పీటీ ఐఎన్ఆర్ అనే ఒక్క రక్త పరీక్షతోనే. బృహద్ధమని కవాటం మార్చినవాళ్ళకు ఐఎన్ఆర్ సాధారణంగా 2 నుంచి 3 మధ్య, గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మార్చినవాళ్ళకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఇంటికి వచ్చిన కొత్తలో వారానికి ఒకటి రెండు సార్లు, మందు కుదురుకున్నాక కనీసం నెలకొకసారి చూడాలి. ఈ పరీక్ష, దాన్ని చూసి మోతాదు సరిచేసే మనిషి, ఆ మాత్ర, ఈ మూడూ పేషెంటు ఊరికి గంట ప్రయాణంలో దొరికేలా చేయమని అడుగుతున్నాం. లేఖలో తక్కినదంతా అది ఎలా చేయవచ్చో, చేయకపోతే ఎక్కడ చెడుతోందో చెప్పడానికే.

కవాట మార్పిడి వంటి కొన్ని చికిత్సలకు ఆరోగ్యశ్రీలో ఏడాదిపాటు ఫాలోఅప్ ప్యాకేజీ ఉంది. మంచిదే. కానీ దానికోసం ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే రావాలి. పాడేరు కొండల మీది ఊరి నుంచి విశాఖకు, ఆసిఫాబాద్ మండలాల నుంచి హైదరాబాద్‌కు ఒక గొట్టం రక్తం ఇవ్వడానికి రావాలంటే పేషెంటుకు, తోడు వచ్చే మనిషికి రెండు రోజుల కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. ఏడాది తర్వాత ఆ ప్యాకేజీ కూడా ఉండదు. అప్పుడు జనం ముందు పరీక్ష మానేస్తారు, మాత్ర మాత్రం పాత చీటీ చూపించి కొనుక్కుంటారు. రెండేళ్ళ కింద రాసిన మోతాదే వేసుకుంటూ ఉంటారు. మధ్యలో బరువు తగ్గి ఉంటారు, క్షయ మందులు మొదలై ఉంటాయి, కామెర్లు వచ్చి ఉంటాయి. మోతాదు మాత్రం మారి ఉండదు.

ముందు ఒక సందేహం తీర్చాలి. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా, అవి ఇస్తే సరిపోతుంది కదా అని సమీక్షల్లో ఎవరైనా అడగవచ్చు. లోహపు కవాటం ఉన్నవాళ్ళకు ఆ మాత్రలు పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను లోహపు కవాటాల మీద పరీక్షించిన అధ్యయనంలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. ఇంకో కొత్త మాత్ర అపిక్సబాన్‌తో చేసిన అధ్యయనాన్ని కూడా 2022లో ఆపారు. కీళ్ళవాతపు జ్వరం వల్ల వచ్చే గుండెజబ్బుతో గుండె లయ తప్పినవాళ్ళలో రివరాక్సబాన్ అనే కొత్త మాత్ర కంటే పాత మాత్రే ప్రాణాలు ఎక్కువ నిలిపిందని 2022లోనే తేలింది. ఆ అధ్యయనంలో మన దేశం పేషెంట్లూ ఉన్నారు. కాబట్టి అసిట్రోమ్ అని అందరూ పిలిచే ఎసినోకూమరాల్, లేదా వార్ఫరిన్, ఈ రెంటితోనే మా బతుకు. ఐఎన్ఆర్ తప్పదు.

పరీక్ష చిన్నదే. కానీ తప్పు జరగడానికి ఇన్ని చోట్లున్న పరీక్ష ఇంకొకటి ఉండదేమో. రక్తం నీలం మూత ఉన్న, గడ్డ కట్టకుండా ఆపే సిట్రేట్ ద్రవం పోసిన గొట్టంలో తీయాలి. అందులో తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి, అంటే 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్ ఉన్న గొట్టంలో సరిగ్గా 2.7 మిల్లీలీటర్ల రక్తం పడాలి. నరం దొరకలేదని సగం గొట్టం నింపి పంపితే సిట్రేట్ ఎక్కువై రక్తం గడ్డ కట్టడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఐఎన్ఆర్ లేని ఎత్తు చూపిస్తుంది. డాక్టర్ ఆ అంకె చూసి మాత్ర తగ్గిస్తారు. నిజంగా 2.2 ఉన్న మనిషి వారం తిరక్కుండా 1.5కి దిగిపోతాడు. గొట్టాన్ని వెంటనే మెల్లగా నాలుగైదుసార్లు తలకిందులు చేయకపోతే లోపల చిన్న గడ్డ కడుతుంది, ఆ రిపోర్టును నమ్మలేం. గీత దాకా నిండని గొట్టాన్ని, గడ్డ కట్టిన గొట్టాన్ని ల్యాబు వెనక్కి పంపాలి. చాలా చోట్ల పంపడం లేదు, ఎందుకంటే పేషెంటు అప్పటికే బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటాడు.

రెండో తప్పు ల్యాబులో జరుగుతుంది. ఐఎన్ఆర్ అంటే పేషెంటు రక్తం గడ్డకట్టిన సెకన్లను మామూలు మనుషుల సగటు సెకన్లతో భాగించి, వచ్చినదానికి ఐఎస్ఐ అనే అంకెను ఘాతంగా వేయడం. ఆ ఐఎస్ఐ, పరీక్షకు వాడే రసాయనం (రియేజెంట్) పెట్టె పెట్టెకూ మారుతుంది. పేషెంటు 26 సెకన్లు, సగటు 13 సెకన్లు అనుకోండి. ఐఎస్ఐ 1.0 అయితే ఐఎన్ఆర్ 2.0. ఐఎస్ఐ 1.3 అయితే దాదాపు 2.46. కొత్త పెట్టె తెరిచినప్పుడు మెషిన్‌లో పాత అంకె ఉంచేస్తే ఆ వారం వచ్చిన ప్రతి రిపోర్టూ తప్పే, ఎవరికీ తెలియదు. అందుకే ఐఎన్ఆర్ చేసే ప్రతి ప్రభుత్వ ల్యాబులోనూ రిపోర్టు మీద సెకన్లు, సగటు, ఐఎస్ఐ మూడూ అచ్చు వేయించండి. రియేజెంట్ కొత్త లాట్ (తయారీ విడత) తెరిచిన ప్రతిసారీ కనీసం 20 మంది ఆరోగ్యవంతుల రక్తంతో సగటు మళ్ళీ కట్టమని ఆదేశించండి. వెల్లూరు సీఎంసీ వాళ్ళు రక్తం గడ్డకట్టే పరీక్షలకు బయటి నాణ్యతా తనిఖీ నడుపుతున్నారు. జిల్లా ల్యాబులన్నింటినీ అందులో చేర్చండి.

నమూనా రవాణాకు కొత్తగా వ్యవస్థ కట్టక్కర్లేదు. తెలంగాణలో పీహెచ్‌సీల నుంచి రక్తం సేకరించి జిల్లా డయాగ్నస్టిక్ హబ్‌కు చేర్చే బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. మూత తీయని పీటీ గొట్టం 18 నుంచి 24 డిగ్రీల మధ్య 24 గంటలు చెడకుండా ఉంటుంది, కాబట్టి పొద్దున తీసిన రక్తం సాయంత్రానికి హబ్ చేరితే చాలు. ఒక్క జాగ్రత్త: మిగతా నమూనాలతో పాటు దీన్ని ఐసు పెట్టెలో పెట్టకూడదు. చల్లదనానికి రక్తాన్ని గడ్డకట్టించే ఏడో కారకం చురుకై ఫలితం తారుమారవుతుంది. మే నెల ఎండలో బండి డ్యాష్‌బోర్డు మీదా పెట్టకూడదు. బండిలో వేరే పెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు ఉంటే సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరికీ వచ్చే 104 వాహనాలు పేషెంటు గడప దాకా వస్తున్నాయి. వాటితో రక్తం తీయించి ఏరియా ఆసుపత్రికి పంపించవచ్చు.

బండ్లు చేరలేని ఏజెన్సీ మండలాలకు వేలి చుక్కతో చూసే చిన్న మెషిన్ మేలు. ఎనిమిది మైక్రోలీటర్ల చుక్క చాలు, నిమిషంలో అంకె వస్తుంది. వేలు పొడిచిన 15 సెకన్లలోపు చుక్క మెషిన్‌లో పెట్టిన పరీక్ష స్ట్రిప్ మీద పడాలి, ఆలస్యమైతే వేలి మీదే గడ్డ కట్టడం మొదలై ఐఎన్ఆర్ తప్పు వస్తుంది. చుక్క రాలేదని వేలిని గట్టిగా పిండినా అంతే. స్ట్రిప్పులు 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి, కాబట్టి మన వేసవిలో వాటిని మందుల ఫ్రిజ్‌లో ఉంచాలి. అంకె 4.5 దాటినా, పేషెంటుకు తీవ్రమైన రక్తహీనత ఉన్నా నరం నుంచి రక్తం తీసి ల్యాబులో సరిచూడాలి. మెషిన్ ఖరీదు కంటే స్ట్రిప్పుల ఖర్చు ఎక్కువ. మెషిన్లు కొని స్ట్రిప్పులకు బడ్జెట్ పెట్టకపోతే ఆరు నెలల్లో అవి బీరువా చేరతాయి. టెండరు పిలిచేటప్పుడే మూడేళ్ళ స్ట్రిప్పుల సరఫరాను కలిపి పిలవండి.

అంకె వచ్చాక దాన్ని చదివేవాళ్ళు కావాలి. ఇక్కడ మేము కాస్త ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే మేము చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ మెట్టు దగ్గరే జరుగుతాయి. రోజుకు 2 మిల్లీగ్రాముల అసిట్రోమ్ వేసుకునే మనిషికి ఐఎన్ఆర్ కాస్త తక్కువ వచ్చిందని రోజుకు 3 చేస్తారు. అది ఒక్కసారిగా 50 శాతం పెంపు. పది రోజులకు చిగుళ్ళ నుంచి రక్తం. అప్పుడు భయపడి పూర్తిగా ఆపేస్తారు. ఈ ఊయల ఆగదు. మోతాదును వారం మొత్తంగా లెక్కించి 5 నుంచి 15 శాతం లోపే మార్చాలి. రోజుకు 2 అంటే వారానికి 14. ఒక్క బుధవారం 3 వేసుకుని మిగతా ఆరు రోజులూ 2 వేసుకుంటే 15, అంటే ఏడు శాతం పెంపు. బుధవారం, ఆదివారం 3 చొప్పున వేసుకుంటే 16, అంటే 14 శాతం. చాలామందికి ఇంతకుమించి అక్కర్లేదు. అనుకున్న హద్దుకు 0.3, 0.4 అటూ ఇటూ ఉంటే అసలు మార్చకుండా వారం పది రోజుల్లో మళ్ళీ చూస్తే చాలాసార్లు అదే కుదురుకుంటుంది. మార్చే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: మాత్ర మరిచిపోయారా, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా, తిండి మారిందా.

మైట్రల్ చోట లోహపు కవాటం ఉన్న మనిషికి ఐఎన్ఆర్ 2 కంటే దిగితే మాత్ర పెంచి ఊరుకోకుండా గుండె డాక్టరుకు అదే రోజు ఫోన్ చేయాలి, రక్తం పలచన చేసే హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు. 4.5 దాటి రక్తస్రావం లేకపోతే ఒకటి రెండు మోతాదులు ఆపి మర్నాడో ఆ మర్నాడో మళ్ళీ చూడటమే సాధారణంగా సరిపోతుంది. ఇలాంటి చోట కంగారుపడి ఈ మాత్రకు విరుగుడైన విటమిన్ కె పది మిల్లీగ్రాములు నరానికి ఎక్కిస్తే ఐఎన్ఆర్ ఒక్క రోజులో కిందికి పడి, తర్వాత వారం రోజులు మాత్ర ఎంత వేసినా ఎక్కదు. ఆ వారంలో కవాటం మూసుకుపోవచ్చు. రక్తం కారుతుంటే మాత్రం సంగతి వేరు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఇవన్నీ ఒక్క పేజీ పట్టికలో పడతాయి. నిమ్స్, స్విమ్స్ గుండె విభాగాల చేత ఆ పట్టిక రాయించి, తెలుగులో అచ్చు వేయించి, ప్రతి పీహెచ్‌సీ డాక్టరు టేబులు మీద పెట్టించండి. పట్టిక చెప్పని చోట అడగడానికి ఒక ఫోన్ నంబరు, ఆ నంబరు ఎత్తడానికి పెద్దాసుపత్రిలో డ్యూటీ వేసిన ఒక డాక్టరు ఉండాలి.

మందుల కొనుగోలు విభాగానికి ఒక మాట. అసిట్రోమ్, వార్ఫరిన్ ఒకే పని చేస్తాయి కాని మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము సమానం కావు. 2 మిల్లీగ్రాముల అసిట్రోమ్‌తో కుదురుకున్న మనిషికి వార్ఫరిన్ దాదాపు 4 కావాలి. స్టాకు మారిందని ఫార్మసీలో 2 మిల్లీగ్రాముల వార్ఫరిన్ చేతికిస్తే ఆ మనిషికి సగం మందు ఇచ్చినట్టే. వార్ఫరిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. దాన్ని కొంటారో, ఎసినోకూమరాల్ కొంటారో రాష్ట్రమంతటికీ ఒకటి నిర్ణయించండి. మార్చాల్సి వస్తే ఐఎన్ఆర్ చూసుకుంటూ మార్చండి. 1, 2 మిల్లీగ్రాముల మాత్రలు రెండూ తప్పకుండా స్టాకులో ఉంచండి. 4 మిల్లీగ్రాముల మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేసుకునే ముసలమ్మకు ఏ రోజు ఎంత పడిందో ఏ దేవుడికీ తెలియదు.

మా మాత్రతో పడని మందుల పట్టిక పేషెంటు చేతిలో కంటే ఊళ్ళో వైద్యం చేసే ప్రతివాళ్ళ చేతిలో ఉండటం ముఖ్యం. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు రాసే సెప్ట్రాన్, తామరకు వాడే ఫ్లూకొనజోల్ ఐఎన్ఆర్‌ను నాలుగైదు రోజుల్లో రెట్టింపు చేయగలవు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ దాన్ని కిందికి దించుతాయి. రిఫాంపిసిన్ మొదలుపెట్టినప్పుడు అసిట్రోమ్ రెండు మూడు రెట్లు కావాల్సి రావచ్చు, ఆపినప్పుడు తిరిగి తగ్గించకపోతే రక్తస్రావం ఖాయం. కాబట్టి క్షయ విభాగం వాళ్ళు మందు మొదలెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ కవాటం మార్చారా అని అడిగేలా వాళ్ళ కార్డులో ఒక గడి చేర్చండి. ఒళ్ళునొప్పులకు పిర్ర మీద డైక్లోఫెనాక్ సూది వేయడం మన పల్లెల్లో మామూలు. మావాళ్ళకు అది కండలో రక్తం గూడుకట్టడానికి కారణమవుతుంది, కడుపులో పుండు ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ వాడాలి, అదీ రోజుకు 2 గ్రాముల లోపు, కొద్ది రోజులే.

ఆకుకూరల మాట కూడా చెప్పాలి. కవాటం మార్పించుకున్నవాళ్ళు తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు ముట్టకూడదని చాలామందికి చెప్పి పంపుతున్నారు. అసలే రక్తం తక్కువగా ఉండే ఆడవాళ్ళు వాటిని మానేస్తే ఇంకా నీరసిస్తారు. పైగా ఈ ఆకుల్లో ఉండే విటమిన్ కె బొత్తిగా తినని మనిషికి ఐఎన్ఆర్ చిన్న కారణానికే ఎగిరిపడుతుంది. వారానికి ఎంత తింటారో ఇంచుమించు ప్రతి వారం అంతే తినమనడం సరైన సలహా. అయ్యప్ప దీక్ష, కార్తీక మాసం, రంజాన్ ఉపవాసాల్లో తిండి మారుతుంది కాబట్టి అప్పుడు ఒక ఐఎన్ఆర్ అదనంగా చూడాలి.

ఇంత దూరం రాకుండా ఆపగలిగే సూది సంగతికి వస్తాం. మన దగ్గర చిన్న వయసులో కవాటం చెడిపోవడానికి పెద్ద కారణం కీళ్ళవాతపు జ్వరం. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి వచ్చి, రెండు మూడు వారాలకు మోకాళ్ళూ చీలమండలూ వాస్తాయి, ఆ జబ్బు గుండెను పట్టుకుంటుంది. ఒకసారి వచ్చిన పిల్లలకు మళ్ళీ రాకుండా బెంజథీన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు, 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షల యూనిట్లు, మూడు నాలుగు వారాలకొకసారి వేయాలి. నాలుగో వారంలో రక్తంలో మందు పలచబడిపోతుంది కాబట్టి మనలాంటి చోట 21 రోజులకొకసారి మేలు. గుండెలో దెబ్బ మిగిలిపోయినవాళ్ళకు ఇది కనీసం పదేళ్ళు, చాలామందికి 40 ఏళ్ళ వయసు వచ్చేదాకా సాగాలి. కవాటం మార్చాక కూడా మానకూడదు, మిగతా కవాటాలు ఇంకా ఉన్నాయి కదా.

ఈ సూది వేయడానికి పీహెచ్‌సీల్లో భయపడుతున్నారు. ఆ భయం పూర్తిగా అకారణం కాదు కాబట్టి కొట్టిపారేయకండి, దాన్ని తీర్చండి. 1991లో అచ్చయిన అంతర్జాతీయ అధ్యయనంలో 1,790 మంది పేషెంట్లకు వేసిన 32,430 ఇంజెక్షన్లలో తీవ్రమైన ఎలర్జీ నాలుగుసార్లు వచ్చింది, ఒకరు చనిపోయారు. ప్రమాదం చిన్నదే, కానీ ఉంది. సూది వేసే గదిలో తీవ్రమైన ఎలర్జీకి విరుగుడైన అడ్రినలిన్ ఆంప్యూల్, సిరంజి ట్రేలో సిద్ధంగా ఉండాలి. పెద్దవాళ్ళకు 0.5 మిల్లీగ్రాము తొడ బయటి వైపు కండకు వేయాలని గోడ మీద రాసి ఉండాలి. సూది తర్వాత అరగంట కూర్చోబెట్టాలి. మైట్రల్ కవాటం బాగా సన్నబడటం, గుండె పంపింగ్ బాగా తగ్గడం, కూర్చున్నా ఆయాసం ఉన్నవాళ్ళు సూది తర్వాత కూలిపోతే అది చాలాసార్లు ఎలర్జీ అయి ఉండదు. నొప్పికీ భయానికీ బీపీ పడిపోయి, అప్పటికే బలహీనమైన గుండె తట్టుకోలేకపోవడం వల్ల అలా జరుగుతుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో హెచ్చరించింది. అలాంటివాళ్ళకు సూది బదులు పెన్సిలిన్ వి మాత్రలు 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వమంది. మిగతావాళ్ళకు సూది ముందు నీళ్ళు తాగించి, ఏదైనా తినిపించి, పడుకోబెట్టి వేయమంది. ఈ తేడా మన నర్సులకు ఎవరూ చెప్పలేదు. చెబితే సగం భయం పోతుంది.

నొప్పి వల్లే పిల్లలు మూడో సూదికో నాలుగో సూదికో రాకుండా పోతారు. సీసాను చేతిలో పట్టుకుని గది వేడికి తేవడం, కలిపిన వెంటనే వేయడం, 21 గేజ్ సూది వాడటం, వేసే చోట పది సెకన్లు బొటనవేలితో గట్టిగా నొక్కి ఉంచడం, మందును రెండు మూడు నిమిషాలపాటు మెల్లగా ఎక్కించడం వీటన్నింటితో నొప్పి చాలా తగ్గుతుంది. సన్నసూది వాడితే మందు గరుకుగా ఉండటంవల్ల మధ్యలో అడ్డుపడుతుంది, మళ్ళీ పొడవాల్సి వస్తుంది. అసిట్రోమ్ వేసుకునేవాళ్ళకు ఐఎన్ఆర్ హద్దులో ఉందని చూసుకుని వేసి, తర్వాత పది నిమిషాలు నొక్కి పట్టాలి. 21 రోజులంటే ఎప్పుడూ వారంలో అదే రోజు వస్తుంది. బుధ, శనివారాలు ఏఎన్ఎంలకు టీకాల పని కాబట్టి ప్రతి పీహెచ్‌సీలో ఒక గురువారమో శుక్రవారమో పెన్సిలిన్ రోజుగా పెట్టండి, రానివాళ్ళ ఇంటికి ఆశా కార్యకర్త మర్నాడే వెళ్ళాలి. బడి పిల్లలను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే జాబితాలో ఈ జబ్బు మొదటినుంచీ ఉంది. ఆ బృందాలు గుర్తించిన పిల్లల పేర్లు పీహెచ్‌సీ పెన్సిలిన్ రిజిస్టరులోకి చేరే ఏర్పాటు చేయాలి. ఇంకోమాట, ఈ సూది చవక, లాభం తక్కువ కాబట్టి తయారుచేసే కంపెనీలు కొద్ది. మూడు నెలల నిల్వ ఎప్పుడూ సెంట్రల్ డ్రగ్ స్టోరులో ఉండేలా చూడండి.

ఆడపిల్లల విషయం మేము మరీ మరీ చెప్పదలచుకున్నాం. కీళ్ళవాత గుండెజబ్బుతో ఆపరేషన్‌కు వచ్చేవాళ్ళలో పెళ్ళీడు అమ్మాయిలూ చిన్న వయసు తల్లులూ ఎక్కువ. లోహపు కవాటం పెట్టే ముందు గర్భం గురించి ఆ అమ్మాయితో మాట్లాడాలి, భర్తతోనో అత్తగారితోనో మాట్లాడి ఊరుకోకూడదు. సన్నబడిన మైట్రల్ కవాటానికి బెలూన్ చికిత్స సాధ్యమా, కవాటాన్ని బాగుచేయవచ్చా, జంతు కణజాలంతో చేసిన కవాటం పెడితే అసిట్రోమ్ జీవితాంతం అక్కర్లేకపోయినా పది పదిహేనేళ్ళకు, చిన్న వయసువాళ్ళకు ఇంకా ముందే, మళ్ళీ ఆపరేషన్ కావాలి, ఇవన్నీ ఆమెకు తెలిశాకే సంతకం చేయించాలి. ప్యాకేజీలో ఈ సంభాషణకు ఒక ఫారం ఉండాలి.

లోహపు కవాటం ఉన్న స్త్రీ గర్భవతి అయితే మొదటి నెలల్లో అసిట్రోమ్ బిడ్డకు హాని చేయవచ్చు, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య. మోతాదు తక్కువైతే, అంటే వార్ఫరిన్ రోజుకు 5 మిల్లీగ్రాములు మించకపోతే, ఆ ప్రమాదం తక్కువ. ఎక్కువ మోతాదు కావాల్సినవాళ్ళకు హెపారిన్ ఇంజెక్షన్లకు మారుస్తారు, అది పెద్దాసుపత్రిలో పరీక్షలతో జరగాలి. మేము చూస్తున్న ఘోరం ఏమిటంటే గర్భం అని తేలగానే బిడ్డకు మంచిది కాదని అసిట్రోమ్ ఆపేసి, బదులు ఏమీ ఇవ్వకుండానో ఒక ఆస్పిరిన్ మాత్ర రాసో ఇంటికి పంపడం. కొన్ని వారాల్లో కవాటం మూసుకుపోయి తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. ఏఎన్ఎం గర్భవతిని నమోదు చేసే చోటే గుండె ఆపరేషన్ అయిందా అన్న ప్రశ్న ఉండాలి. అవును అంటే మందు ఆపకుండా ఆ వారంలోనే గుండె విభాగమూ ప్రసూతి విభాగమూ రెండూ ఉన్న ఆసుపత్రికి పంపాలి. 36 వారాలకు ఆమెను చేర్చుకుని హెపారిన్‌కు మార్చాలి, ఎందుకంటే అసిట్రోమ్ మీద ఉండగా నొప్పులు వస్తే బిడ్డ తలలో రక్తం కారే ప్రమాదం ఉంది. ఇక పిల్లలు చాలనుకున్న ఇంట్లో ఆమెకు ట్యూబెక్టమీ చేస్తే మందు ఆపి మళ్ళీ మొదలెట్టే గండం ఉంటుంది. భర్తకు వేసెక్టమీ చేస్తే ఆ గండమే లేదు. ఈ మాట కౌన్సెలింగ్‌లో మగవాళ్ళకు నేరుగా చెప్పించండి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వీళ్ళకు ఇవ్వకూడదు. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉంటుంది కాబట్టి మూడు నెలలకొకసారి హిమోగ్లోబిన్ చూడాలి.

పన్ను పీకించాలంటే మందు వారం ఆపి రమ్మంటున్నారు. ఐఎన్ఆర్ 3.5 లోపు ఉంటే ఆపకుండానే ఒకటి రెండు పళ్ళు పీకవచ్చు, కుట్టువేసి ట్రానెగ్జామిక్ యాసిడ్‌లో తడిపిన గాజుగుడ్డ నొక్కిపెడితే రక్తం ఆగుతుంది. దానికి గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పెన్సిలిన్ సూదులు వేయించుకుంటున్నవాళ్ళకు బదులుగా అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు ఇవ్వాలి. లేకపోతే నోటి క్రిములు రక్తంలో చేరి కవాటానికి పుండు పట్టవచ్చు.

డిశ్చార్జి కాగితం సంగతి త్వరగా ముగిస్తాం. ఏ కవాటం మార్చారు, కంపెనీ, సైజు, సీరియల్ నంబరు, ఆపరేషన్ తేదీ, ఉండాల్సిన ఐఎన్ఆర్, ఇంటికి పంపిన రోజు ఐఎన్ఆర్, వారం మొత్తం మోతాదు, చివరి పెన్సిలిన్ తేదీ, గుండె పంపింగ్ శాతం. ఇవి తెలుగులో ఒక అట్ట మీద అచ్చు వేసి, అది ఇవ్వకుండా ప్యాకేజీ డబ్బు విడుదల చేయకండి. 108 సిబ్బందికి ఆ అట్ట అడగడం నేర్పండి. తలకు దెబ్బ తగిలినా, మూతి వంకరపోయినా, కవాటం టిక్కుటిక్కుమనే చప్పుడు మందగించి ఆయాసం వచ్చినా అట్ట ఉన్న మనిషిని సీటీ, ఎకో రెండూ ఉన్న చోటికే తీసుకెళ్ళాలి.

డయాలసిస్‌ను మీరు ఏరియా ఆసుపత్రులకు తెచ్చారు. గుండెపోటుకు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను జిల్లా కేంద్రాలకు దూరంగా ఉన్న ఆసుపత్రుల్లో వేయించే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో చేశారు. వాటితో పోలిస్తే ఐఎన్ఆర్ క్లినిక్ చిన్న పని. ఒక గది, ఒక నర్సు, ఒక డాక్టరు, వారంలో ఒక పూట. మొదట ఆరోగ్యశ్రీ రికార్డుల్లోంచి కవాట మార్పిడి చేయించుకున్నవాళ్ళ జాబితాను మండలాల వారీగా తీయించండి. ఆ జాబితా మీ సర్వర్లలోనే ఉంది. దాన్ని ఆశా కార్యకర్తలకు ఇచ్చి ఎవరు ఉన్నారు, ఎవరు మందు మానేశారు, ఎవరు పోయారు చూసి రమ్మనండి. ఎక్కువమంది తేలిన డివిజన్లలో ఏరియా ఆసుపత్రుల్లో క్లినిక్‌లు ముందు తెరవండి. ఏ ఆసుపత్రిలో ఏ రోజున అన్నది పీహెచ్‌సీల గోడల మీద రాయించండి, ఆ ఉత్తర్వు ప్రతిని ట్రస్టు వెబ్‌సైటులో పెట్టండి. పట్టికలు తెలుగులో రాయడానికి, నర్సులకు గొట్టం నింపడం, సూది వేయడం చూపించడానికి మేము ఏ జిల్లాకైనా వస్తాం.

ఇట్లు,
రెండు తెలుగు రాష్ట్రాల కవాట మార్పిడి పేషెంట్లు, వాళ్ళ కుటుంబాలు, వాళ్ళకు సేవ చేసే నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు